పాత కారులో పెడలు మొరాయిస్తే



కారు సంగతి మనకెందుకు అని రేడియో కట్టేయకండి. పిల్లల్ని స్కూలు దగ్గర దింపడం, చిత్తూరులో ఉన్న అత్తగారిని చూసి రావడం ఇప్పుడు చాలా ఇళ్ళల్లో మన పనే అయింది. కొత్త కారు కొనే స్తోమతు అందరికీ ఉండదు. సెకండ్ హ్యాండ్ కారుతోనే సంసారం ఈదుకొస్తాం. అట్లాంటి కారులో కనిపెట్టి ఉండవలసిన వాటిలో ఒకటి యాక్సిలరేటర్ పెడలు.

రెండేళ్ళ కిందట మేము తిరుమల కొండకు పోతున్నాం. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు, అదే పైకి పోయే దారి. ఎత్తు ఎక్కువగా ఉన్నచోట మా వారు పెడలు పూర్తిగా తొక్కారు. కాలు తీసినా అది పైకి రాలేదు. ఎదురుగా మలుపు. వెనక సీట్లో పిల్లల్ని పట్టుకొని గోవిందా అనుకున్నాను. ఆయన క్లచ్చి తొక్కి, బ్రేకు గట్టిగా అదిమి, ఎట్లాగో పక్కకు ఆపారు.

మర్నాడు కేబులు కొత్తది వేయించాం. వారం తిరక్కుండా మళ్ళీ అదే కథ! చివరికి తేలిందేమిటో తెలుసా? మట్టి పడకుండా ఉంటుందని పాత మ్యాటు మీద ఇంకో మందపాటి మ్యాటు పరిచింది నేనే. పెడలు అడుగుదాకా పోయినప్పుడు దాని అంచుకు తట్టుకుంటోంది. మెల్లగా పోయేటప్పుడు ఏ గొడవా లేకపోవడమే దానికి గుర్తు, మేమే గమనించలేదు. ఇది మా ఇంటి ముచ్చటే కాదు. 2009, 2010 సంవత్సరాల్లో టయోటా కంపెనీ లక్షలాది కార్లను వెనక్కి పిలిపించింది. కొన్నిటికి మ్యాటు అడ్డుపడటం, కొన్నిటికి పెడలే బిగుసుకోవడం కారణం.

కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 లాంటి కారులో ఏర్పాటు తేలికే. పెడలు తొక్కితే సైకిల్ బ్రేకు వైరు లాంటి కేబులు లాగుతుంది. కార్బురేటర్‌లో చిన్న మూత తెరుచుకుంటుంది. కాలు తీస్తే స్ప్రింగ్ దాన్ని మూసేస్తుంది.

పరీక్ష ఇట్లా చేయండి. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, హ్యాండ్ బ్రేకు వేయండి. మొదట మ్యాటు తీసి పెడలు అడుగుదాకా నొక్కి వదలండి. టక్కున పైకి వస్తే తప్పు మ్యాటుదే. అప్పటికీ బరువుగా ఉంటే బానెట్ ఎత్తి, కేబులు కొస తగిలించిన లివరును చేత్తో తెరిచి వదలండి. లివరు చురుగ్గా మూసుకుంటే లోపం కేబులుదో పెడలుదో. లివరే మందకొడిగా ఉంటే కార్బురేటర్‌లో మురికి, లేకపోతే స్ప్రింగ్ బలం తగ్గింది. కేబులు పోగులు తెగి ఉంటే నూనె పోసి సరిపెట్టకండి, మార్పించండి.

పెడలు పైకి వచ్చినా ఇంజన్ హోరు తగ్గకపోతే, చోక్ లాగి మరిచిపోయారేమో చూడండి. కేబులు మరీ బిగించినా అంతే. పెడలు వదులుగా ఆడుతూ ఇంజన్ పలకకపోతే కేబులు తెగిందనో, ఊడిందనో అర్థం. పెడలు బాగానే ఉండి బండి మాత్రం ఎగిరెగిరి పడుతుంటే పెట్రోలు ఫిల్టరు, గాలి ఫిల్టరు చూపించండి.

కొత్త రకం కార్లలో చాలావాటికి కేబులే ఉండదు, పెడలు దగ్గర సెన్సరు ఉంటుంది. ఇంజన్ దీపం వెలిగి, తొక్కినా వేగం అందుకోకపోతే అది స్కానర్ ఉన్న మెకానిక్ పని.

దారిలో పెడలు ఇరుక్కుంటే వంగి చేత్తో లాగబోకండి. క్లచ్చి తొక్కి గేరు న్యూట్రల్ చేయండి, ఇంజన్ అరిచినా భయం లేదు. బ్రేకు ఒకేసారి గట్టిగా తొక్కి పట్టండి. పదేపదే తొక్కి వదిలితే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ అయిపోయి పెడలు రాయిలా గట్టిపడుతుంది. బండి పూర్తిగా ఆగాకే ఇంజన్ ఆర్పండి. నడుస్తుండగా తాళంచెవి లాగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది.

మ్యాటు ఒక్కటే వేయండి, జారకుండా కొక్కెం పెట్టించండి. కేబులుకు, మెకానిక్ కూలికి మేము తగలేసిన డబ్బు మీకైనా మిగలాలని ఇదంతా చెప్పాను. ఇక సెలవు.