వట్టిపోయిన గేదె వెలను నిర్ణయించువా రెవరు?



మాదన్నపేట మండీకి కూరగాయలు తెచ్చెడు రైతు వానిని తూచి అమ్మును. వట్టిపోయిన గేదెను మాత్రము సంతలో కంటి మదింపుమీదనే అమ్మివేయును. ఆ గేదె వెల సంతలో పుట్టినది కాదు. సముద్రముల కావల పుట్టినది.

మన దేశమునుండి గోమాంసపు ఎగుమతి నిషిద్ధము. ఎముక తీసిన గేదెమాంసమునకే అనుమతి కలదు. 2014-15లో 14.75 లక్షల టన్నులు, 29,282 కోట్ల రూపాయల సరకు, పరదేశముల కేగెను. మెదకు సీమలో రుద్రారమున వెలసిన అల్ కబీర్ కర్మాగారము ఇట్టి వర్తకమునకే ఏర్పడినది. దానిపై వ్యాజ్యము సుప్రీంకోర్టులో 2006 వరకు నడిచెను.

ఆహారపు పరిశ్రమలలో విదేశీయులు నూటికి నూరుపాళ్లు మూలధనము పెట్టవచ్చును. శీతల గిడ్డంగి, యంత్రము, ఓడబేరము ధనవంతుల చేతిలో నుండును. మనకు దక్కునది గేదె వెల ఒక్కటే. అచ్చట గిరాకి తగ్గినచో దళారి మొదట కోయునది దానినే.

కావున బరువు తెలిసికొనుడు. ముంగాళ్ల వెనుక ఛాతి చుట్టుకొలతను అంగుళములలో కొలిచి, దానిని దానిచేతనే గుణింపుడు. భుజము మొదలు పిరుదు వరకు గల పొడవుతో మరల గుణించి, 660చే భాగింపుడు. కిలోల బరువు దాదాపుగా వచ్చును. చుట్టుకొలత 72, పొడవు 54 అయినచో బరువు సుమారు 424 కిలోలు.

సంఘమున నొక కొలత టేపు నుంచుడు. పదిమంది గేదెలను ఒకే దినమున, కిలో లెక్కను బేరమాడుడు. ఆ సొమ్మే రేపటి పాడిగేదెకు పెట్టుబడి.