నాణెము రాజుది, నమ్మకము ప్రజలది

1923వ సంవత్సరము నవంబరు 20వ తేదీ జ్ఞాపకముంచుకొనదగిన దినము. ఆ నాడు బెర్లిను నగరమున ఒక్క అమెరికా డాలరునకు 4,20,000 కోట్ల మార్కులని మారకము నిలిచెను. జర్మనుల పాతద్రవ్యము భస్మమైనదని దానితో లోకమునకు తేటపడెను. ఆ నోట్లను రేయింబవళ్లు అచ్చువేయించిన జర్మను కేంద్రబ్యాంకు అధ్యక్షుడు హావెన్‌స్టైన్ ఆ దినముననే కన్ను మూసెను. ఆ దినముననే డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రాబ్యాంకు రిజిష్టరయ్యెను. ఎనిమిది దినముల పిమ్మట, లక్షరూపాయల చెల్లించిన మూలధనముతో, బందరున అది పని ప్రారంభించెను.

ఈ రెండును ఒకే దినమున జరుగుట కేవలము కాకతాళీయము. అయినను ఆలోచింపదగిన సంగతి ఇందులో నొకటి గలదు. అచ్చట ఒక మహారాజ్యపు ముద్రగల కాగితము నమ్మకము పోయినందున చిత్తుకాగితమయ్యెను. ఇచ్చట రాజ్యముగాని, టంకశాలగాని లేని ప్రజలు నమ్మకమునొక్కదానిని పెట్టుబడిగా బెట్టి ధనాగారము నెలకొల్పుకొనిరి. నాణెముపై ముద్ర రాజు వేయవచ్చును; దానిని చెల్లించునది ప్రజల విశ్వాసమే. ఐరోపాలోని కేంద్రబ్యాంకుల చరిత్రయంతయు ఈ సత్యమునకు వ్యాఖ్యానము. ఆ చరిత్ర కృష్ణాడెల్టా కల్లములవరకును వ్యాపించినది గనుక దానిని మన పాఠకుల కెరిగింప దలచితిమి.

ఆ కథకును మన బందరునకును ఆదినుండియు సంబంధము గలదు. ఒలందావారు 1605లో బందరు చేరిరి. ఆంగ్లేయులు 1611లో వచ్చిరి. ఈ రెంటికి నడుమ, 1609లో, ఆమ్‌స్టర్‌డాం నగరసభవారు ఒక బ్యాంకు స్థాపించిరి. ఆ రేవున పలుదేశముల నాణెములు చెల్లుచుండెను. వానిలో అంచులు గీసినవి కొన్ని, తూకము తగ్గినవి కొన్ని. వర్తకుడు తన నాణెములను బ్యాంకున కప్పగించును. బ్యాంకు వానిని తూచి, పరీక్షించి, మేలిమివిలువను అతని పేర ఖాతాలో వ్రాయును. 600 గిల్డర్లును అంతకు మించినవియునగు హుండీలు ఆ బ్యాంకు మూలముననే చెల్లవలెనని శాసనము. నాణెము చేతులు మారకయే ఖాతాలో వ్రాత మాత్రము మారెడిది. ఒక యూరి షరాఫు వ్రాసిన హుండీ వేరొక యూర చెల్లుట మనవారికి క్రొత్త గాదు. అయితే, ఆ నమ్మకమునకు ఒక నగరమంతయు పూటపడుట మాత్రము క్రొత్త. కావుననే ఆ ఖాతాలోని సొమ్మునకు చేతిలోని నాణెముకన్న హెచ్చు విలువ గలిగెను. తుద కేమయ్యెను? డిపాజిటుదారుల సొమ్మును బ్యాంకు రహస్యముగా ఒలందా ఈస్టిండియా కంపెనీకి అప్పిచ్చుచుండెను. మన తీరమున వస్త్రములు కొన్న కంపెనీయే అది. ఆ కంపెనీ చితికిపోగా రహస్యము బయటపడెను. రెండువందల యేండ్ల పరపతి కొలదికాలములో నశించి, 1819లో బ్యాంకు మూతబడెను.

స్వీడను దేశపు కథ ఇంతకన్న చిత్రమైనది. అచ్చట రాగిపలకలే నాణెములు. పది డాలర్ల పలక యొకటి ఇంచుమించు 20 కిలోల బరువు. బజారునకు సొమ్ము బండిపై దోలుకొని పోవలసిన దుస్థితి. పామ్‌స్ట్రూక్ అనునతడు 1661లో, పలకలకు బదులు చేతిలో నిముడు నోట్లను వ్రాసి యిచ్చెను. ఐరోపాలో బ్యాంకునోట్లకు ఇదియే శ్రీకారము. సౌకర్యముగా నుండెనని జనులు సంతోషించిరి. లాభముగా నుండెనని అతడు మితిమీరి వ్రాసెను. నోట్లు మార్చుకొనుటకు జనులు తొందరపడి రాగా పలకలు చాలలేదు. అతనికి విధించిన మరణశిక్షను తరువాత రద్దుచేసిరి. 1668లో ఆ దేశపు ప్రతినిధిసభ బ్యాంకును తన యధీనము చేసికొనెను. నేటికిని నడచుచున్న కేంద్రబ్యాంకులలో మొదటిది అదియే. దానిని రాజు చేతికిగాక సభ చేతికిచ్చిరని పాఠకులు గమనింతురుగాక.

ఇంగ్లాండులో 1672లో రెండవ చార్లెసు తనకు అప్పిచ్చిన స్వర్ణకారులకు చెల్లింపులు నిలిపివేసి, పలువురిని దివాలాతీయించెను. ఇరువది రెండేండ్ల పిమ్మట మూడవ విలియము ఫ్రాన్సుతో యుద్ధమునకు సొమ్ము గోరగా, పన్నెండు దినములలో 12 లక్షల పౌనులు పోగయ్యెను. ఇట్లు పుట్టినది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు. మునుపు మోసపోయిన నగరమే తిరిగి సొమ్మెట్లు తెచ్చియిచ్చెను? నూటికి ఎనిమిది వడ్డీ యొక కారణము. అంతకు మించిన కారణము, ఆ అప్పునకు పార్లమెంటు పన్నుల హామీ యుండుట. రాజు మాటపై లేని నమ్మకము ప్రజాప్రతినిధుల మాటపై కుదిరెను. 1797లో ఫ్రాన్సుతో యుద్ధమువలన నోట్లకు బంగార మిచ్చుట నిలిచిపోయి, 1821వరకు పునరుద్ధరింపబడలేదు. 1844 చట్టము నోట్ల ముద్రణకు కట్టుదిట్టములు చేసెను. భయోత్పాతము గలిగినపుడు మంచి తాకట్టుపై, హెచ్చువడ్డీకి, ధారాళముగా అప్పిచ్చుట కేంద్రబ్యాంకు ధర్మమని 1873లో బేజెట్ పండితుడు నిరూపించెను. ఫ్రాన్సువారు మాత్రము 1720లో జాన్ లా కాగితములతో నొకమారు, విప్లవకాలపు నోట్లతో మరియొకమారు చేయి కాల్చుకొని, 1800లో గాని స్థిరమైన బ్యాంకు నేర్పరుచుకొనలేదు.

ఈ విధముగా ఐరోపాజాతులు తమ ద్రవ్యమును తమ సభలకు లోబరుచుకొనుచుండ, మన ద్రవ్యమెవ్వరికి లోబడి యుండెను? కృష్ణాతీరమున చిరకాలము వరహాలును, పణములును, కాసులును చెల్లినవి. 1818లో మద్రాసు ప్రభుత్వము వరహా నొకదానిని మూడున్నర రూపాయలుగా లెక్కగట్టి, వెండిరూపాయిని ప్రమాణము చేసెను. 1855నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియయ్యెను. డెల్టా ధాన్యము దూరదేశముల సంతలకెక్కెను. దానితో మన రైతు పంటకు వెల బెజవాడలోగాక, లండనులోని మారకపు రేటుమీద ఆధారపడుట మొదలిడెను.

1893లో టంకశాలలు ప్రజల వెండిని నాణెములుగా కొట్టియిచ్చుట మానెను. అంతవరకు ఇల్లాలి వెండికడియము కరవుకాలమున కరగి రూపాయలు కాగలిగెడిది. ఆ దినమునుండి అది కేవలము లోహమయ్యెను. 1927లో చట్టము రూపాయి విలువను 18 పెన్నీలుగా నిర్ణయించెను. మహాయుద్ధమునకు మున్ను అది 16 పెన్నీలు. రెండు పెన్నీలలో నేమున్నదని తోచవచ్చును. లెక్క చూడుడు: సీమలో ఒక పౌను పలికిన సరకునకు పాతరేటున 15 రూపాయలు వచ్చును, క్రొత్తరేటున 13 రూపాయల 5 అణాల 4 పైసలు మాత్రమే వచ్చును. పంటసొమ్ము తగ్గెను, శిస్తుమాత్రము తగ్గలేదు, షావుకారు పత్రములోని అంకెయు తగ్గలేదు. సీమసరకులు చవుకయగునని ప్రభుత్వపక్షమువారు సమర్థించిరి. దిగుమతిసరకు కొనువానికి అది నిజమే. ధాన్యమమ్ముకొని శిస్తు కట్టువానికి కాదు. ఆ రేటును సిఫారసుచేసిన కమీషనులోనే సభ్యుడైన పురుషోత్తమదాసు ఠాకూరుదాసుగారు భిన్నాభిప్రాయము వ్రాసిరి గాని అది చెల్లలేదు. రెండేండ్లు తిరుగకమునుపే ప్రపంచమంతట ధరలు కూలనారంభించెను. 1931 సెప్టెంబరులో ఇంగ్లాండు బంగారు ప్రమాణమును తాను వదలుకొని, రూపాయిని మాత్రము తన పౌనునకే కట్టివేసెను. ఆ పిమ్మట కొన్నివందల కోట్ల రూపాయల బంగారము ఈ దేశమును వీడిపోయెను. దానిలో అప్పులకును, శిస్తులకును అమ్ముడుపోయిన సంసారుల నగలెన్నియో గలవు.

అప్పు పుట్టుటకైనను దారి యుండెనా? ప్రెసిడెన్సీ బ్యాంకులు భూమి తాకట్టుపై అప్పీయరాదని చట్టము. ఆస్తియంతయు భూమియే యైన డెల్టాలో ఈ నిషేధమున కర్థము, రైతునకు బ్యాంకు తలుపు మూసియుండుటయే. 1906లో మద్రాసున ఆర్బత్‌నాటు కంపెనీ దివాలాయెత్తగా, తెల్లవాని పేరే పూచీయను భ్రమ తొలగెను. మరుసటియేట ఇండియన్ బ్యాంకు పుట్టెను. ఆ త్రోవనే ఆంధ్రాబ్యాంకును వెలసెను. మరల ఆ 1923 నవంబరు నెలకే పోదము. జర్మనులు తమ కాగితమునకు ప్రాణము పోయుటకై అదే నెల 15వ తేదీన రెంటెన్‌మార్కు అను క్రొత్త నోటును వెలువరించిరి. దాని కాధారము బంగారము గాదు. దేశములోని వ్యవసాయభూములపైనను, పరిశ్రమలపైనను వేసిన తాకట్టు. స్వతంత్రజాతి భూమిని చూపి ద్రవ్యమును నిలుపుకొనెను. పరతంత్రులమైన మనకు ఆ భూమియే అప్పునకు పనికిరాని ఆస్తియయ్యెను!

స్వరాజ్యము వచ్చినది. 1935లో వాటాదారుల సంస్థగా మొదలైన రిజర్వుబ్యాంకు 1949 జనవరి 1న జాతిపరమయ్యెను. ఏలూరున జన్మించిన దువ్వూరి సుబ్బారావుగారు 2008నుండి 2013వరకు దానికి గవర్నరుగా నుండిరి. ఆయనకు ముందు యాగా వేణుగోపాలరెడ్డిగారు. ఒకప్పుడు మన రూపాయిని లండను నిర్ణయించినదని తలచుకొన్నచో ఇది సామాన్యమైన మార్పు గాదు. ఆంధ్రాబ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమై పేరు కోల్పోయెను. పెద్దబ్యాంకునకు దెబ్బ కోర్చుకొను శక్తి హెచ్చని చెప్పుదురు, కాదనము. కాని 2015లో గ్రీసుదేశము బ్యాంకులు మూసికొని, దినమునకు 60 యూరోలకు మించి పౌరుల చేతికీయలేని స్థితికి వచ్చినపుడు, ద్రవ్యాధికారము దూరమైన ప్రజల దైన్యమెట్టిదో ఐరోపాయే మరల చూపినది. బందరు పేరు బోర్డుపై లేకున్న నష్టము స్వల్పమే. బందరు రైతును ఎరిగినవాడు బ్యాంకులో లేకున్న నష్టమే నష్టము.

చివరి మాట మన పాఠకులైన భూస్వాములతోనే చెప్పవలసియున్నది. డెల్టాలో నేడు నాగలి పట్టునది ఎక్కువగా కౌలుదారు; పట్టా యున్నది మీ పేర. బ్యాంకు పట్టాను చూచును గాని పంటను చూడదు. 2011 చట్టము కౌలుదారునకు ఋణార్హత కార్డు నిచ్చెను. 2019 చట్టము యజమాని సమ్మతితో పదునొకండు నెలల ఒప్పందమును విధించెను. అయినను, సంతకము పెట్టినచో భూమి పోవునను భయమున పలువురు యజమానులు వెనుదీయుచున్నారు. కౌలుదారు వడ్డీవ్యాపారి గడప యెక్కుచున్నాడు. ఆనాడు ప్రెసిడెన్సీ బ్యాంకులు మన తాతలకు మూసిన తలుపును నేడు మన చేతితోనే వేరొకరికి మూయుచున్నామా యని మేమడుగుచున్నాము. రిజర్వుబ్యాంకు నోటుపై గవర్నరు సంతకమున్నది. దానిని నమ్మి ధాన్యము కొలిచి యిచ్చుచున్నాము. కౌలుదారు ఒప్పందముపై ఉండవలసిన సంతకము మీది. నమ్మకము లేనిదే నాణెము చెల్లదని మూడు శతాబ్దముల ఐరోపా చరిత్ర చెప్పుచున్నది. మన పొలముగట్టున అది చెల్లుటయు, చెల్లకపోవుటయు మీ కలములో నున్నది.