చెంబు చెప్పిన పాఠం

'బొమ్మలు గీయడం నేర్పమని పంపితే చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రం అంటారేంటి?' - పిల్లల్ని డిజైన్ కోర్సుల్లో చేర్చిన చాలామంది తల్లిదండ్రుల సందేహమిది. లక్షల్లో ఫీజు కడుతున్నప్పుడు ఆమాత్రం బెంగ సహజమే!

జవాబు మన వంటింట్లోనే ఉంది... చెంబు!

భారత ప్రభుత్వం ఆహ్వానిస్తే అమెరికన్ డిజైనర్ దంపతులు చార్లెస్, రే ఈమ్స్ మనదేశం వచ్చి అంతా తిరిగి చూశారు. వాళ్లను తెగ ఆకట్టుకుంది చెంబే. దాన్ని తయారుచేయాలంటే ఎన్ని ప్రశ్నలు వేసుకోవాలో 1958లో ఇచ్చిన 'ఇండియా రిపోర్ట్'లో ఏకరువు పెట్టారు. పట్టుకునే చేతులెవరివి? నెత్తిన మోస్తారా, చంకనా? వేడినీళ్లు పోస్తే పట్టుకోగలరా? కింద పెడితే చప్పుడెలా ఉంటుంది? ఒకరికి కానుకగా ఇస్తే ఏమనిపిస్తుంది? వీటికి పెన్సిలొక్కటే జవాబు చెప్పలేదు. మనుషులు తెలియాలి.

ఆ నివేదిక ఊతంతోనే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ వచ్చింది. అక్కడ డ్రాయింగ్‌తోపాటు సైన్సు, లిబరల్ ఆర్ట్స్ పాఠాలకీ చోటిచ్చారు. 2015లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఓ ఎన్‌ఐడీ మొదలైంది.

శ్రీకాళహస్తి కలంకారీ చూసి పువ్వుల్ని దించేయడం తేలికే. కానీ అది గుళ్లో వేలాడదీసి పురాణకథలు చెప్పిన గుడ్డ అని తెలిస్తేనే 'ఈ బొమ్మను చెప్పుల మీద వేయొచ్చా?' అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న నేర్పేది చరిత్రే.

అందుకే మీ అమ్మాయి చేతిలో స్కెచ్‌బుక్ బదులు చరిత్ర పుస్తకం కనిపిస్తే కంగారుపడకండి. చెంబు గురించి ఆలోచిస్తోందేమో!