ఎన్నికలలో ధనప్రభావం – పౌర ఉద్యమాలు: తెలుసుకునే హక్కు, దాని పరిమితి

1. ఉపోద్ఘాతం

ఎన్నికల వ్యయానికి చట్టం పరిమితి విధించింది. 2022 సవరణ ప్రకారం పెద్ద రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలు, శాసనసభ అభ్యర్థి 40 లక్షల రూపాయలు మించి ఖర్చు చేయరాదు. పార్టీ చేసే వ్యయానికి మాత్రం అటువంటి పరిమితి లేదు. ఈ వెసులుబాటును తొలగించవలసినవారూ, దానివల్ల లబ్ధి పొందేవారూ శాసనకర్తలే. అందువల్ల న్యాయస్థానాలను ఆశ్రయించిన పౌరసంఘాలకు ఓటరు తెలుసుకునే హక్కే ప్రధాన సాధనమైంది. ఆ సాధనం ఏమి సాధించిందో, ఎక్కడ ఆగిందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ప్రమాణపత్రాల పోరాటం

1999లో అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు కొందరు అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ (ఏడీఆర్) పక్షాన ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, విద్యార్హతలు ఓటర్లకు తెలియాలని 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పును నిర్వీర్యం చేస్తూ పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టంలో 33-బి నిబంధనను చేర్చింది. ఏడీఆర్, పౌరహక్కుల సంఘం పీయూసీఎల్‌లతోపాటు హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన లోక్‌సత్తా కూడా దానిని సవాలు చేసింది. 2003 మార్చి 13న న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టివేసింది. నేడు ప్రతి అభ్యర్థి సమర్పించే ప్రమాణపత్రానికి మూలం ఈ పోరాటమే.

3. ఎన్నికల బాండ్లు

2018లో అమలులోకి వచ్చిన బాండ్ల పథకంలో దాత ఎవరో స్టేట్ బ్యాంకుకు తెలుసు, ఓటరుకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా దీనిని రద్దు చేసింది. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కల్పించిన సమాచార హక్కుకు ఈ పథకం భంగకరమని పేర్కొంది. కంపెనీల విరాళాలపై పరిమితి తొలగించిన సవరణనూ కొట్టివేసింది. మరుసటి నెలలోనే కొనుగోలుదారుల, పార్టీల వివరాలు వెల్లడయ్యాయి.

4. సమాచార హక్కు చేరని చోటు

ఈ విజయాలన్నీ లెక్కలలో నమోదైన ధనానికి సంబంధించినవి. పోలింగుకు ముందు రాత్రి ఇంటింటికీ చేరే నోటు ఏ ప్రమాణపత్రంలోనూ ఉండదు. దానికి సాక్షి ఓటరే. అయితే ఓటుకు ప్రతిఫలం ఇవ్వడంతోపాటు పుచ్చుకోవడం కూడా భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారం లంచమే. కనుక డబ్బు తీసుకున్నవాడు ఫిర్యాదు చేస్తే తన నేరాన్ని తానే ఒప్పుకున్నట్లవుతుంది. పంచినవారికి ఈ మౌనమే రక్షణ. గ్రామస్థాయి ఉద్యమాలు ‘నోటు తీసుకోవద్దు’ అనే ప్రబోధం దగ్గరే ఆగిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని భావించవచ్చు.

5. ముగింపు

తెలుసుకునే హక్కు దాతనూ అభ్యర్థినీ వెలుగులోకి తెచ్చింది, పంపిణీని తేలేకపోయింది. పార్టీ వ్యయానికి పరిమితి, ఫిర్యాదు చేసిన ఓటరుకు చట్టరక్షణ – ఈ రెండూ తరువాతి దశ డిమాండ్లు కావాలి. అంతవరకు నీతిబోధ భారమంతా పేద ఓటరు మీదనే పడుతుంది.