గ్రంథాలయములకు కంప్యూటరు సాధనముల యెన్నిక

గ్రంథాలయమునకు కంప్యూటరును, సాఫ్ట్‌వేరును కొనునపుడు ధరల పట్టికనే ప్రధానముగా చూచుట పరిపాటి. ధర గణింపదగినదే. కాని తెలుగు గ్రంథములు గలచోట అంతకుముందు విచారింపవలసిన ప్రశ్నలు రెండు కలవు. ఆ సాధనము మన లిపిని, నామపద్ధతిని ఎరుగునా? నేడు సిద్ధపరచిన గ్రంథసూచి రేపు వేరొక సాధనమునకు చెక్కుచెదరక తరలునా? వీనినే యిచట వివరింతుము.

గాజువాకను ఉదాహరణముగా గైకొందము. ఓడరేవు నగరమునకు చేరువనుండి, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారముతో పెరిగిన యీ పట్టణము 2005లో మహావిశాఖ నగరపాలక సంస్థలో విలీనమైనది. ఇట్టి పారిశ్రామిక ప్రాంతమున తెలుగుతోపాటు ఒడియా, హిందీ, ఆంగ్లము చదువువారును ఉందురు. గ్రంథసూచి అనేక లిపులను భరింపవలెను. మరియు 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి పౌరగ్రంథాలయములు ఇంటిపన్నుతో చేరిన సెస్సుపై ఆధారపడినవి. ప్రజాధనముతో కొనుదానిని పరీక్షించియే కొనవలెను.

మొదటిది లిపి. యూనికోడు 1991 నాటి తొలి కూర్పుననే తెలుగునకు స్థానమొసగినది. కాని అచ్చుపనికై పుట్టిన పాత ఫాంటులు పెక్కింట తెలుగు రూపములు ఆంగ్లాక్షరముల సంకేతములపై నిలిచినవి. అట్లు ఎక్కించిన పట్టిక తెరపై తెలుగుగనే తోచును. ఫాంటు తొలగినచో అర్థరహితమగును. యూనికోడు ఉన్నంతమాత్రమున పని తీరదు. ‘వేఁట’ యని అరసున్నతో నమోదైన గ్రంథము ‘వేట’ యని వెదకువానికి దొరకవలెను. గురజాడ అప్పారావు అను పేరున తొలిపదము ఇంటిపేరు. చివరిపదమునే వంశనామముగా గ్రహించు పాశ్చాత్యరీతి సాఫ్ట్‌వేరు ఆయనను ‘అప్పారావు’ క్రింద చేర్చును.

రెండవది తరలింపు. మార్క్ 21 అను నమోదు పద్ధతియు, ఐఎస్ఓ 2709 అను వినిమయ రూపమును ఇందులకే యేర్పడినవి. న్యూజిలాండునందలి హోరోహెనువా గ్రంథాలయమువారు తమ పాత సాధనము 2000 సంవత్సరపు తేదీలను తాళజాలదని ‘కోహా’ను నిర్మింపజేసి, ఆ యేటనే వాడుకలోనికి తెచ్చిరి. హైదరాబాదున పుట్టిన ‘న్యూజెన్‌లిబ్’ 2008లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా వెలువడినది. ఇట్టివానికి అనుమతి రుసుము లేదు. కాని నిర్వహణ, శిక్షణ, విద్యుత్తు, నకళ్ల భద్రత అనువానికి వ్యయము తప్పదు. ఉచితమను మాటను ఈ హద్దులోనే గ్రహింపవలెను.

కావున టెండరునకు ముందే తమ గ్రంథాలయమునుండి చిక్కైన శీర్షికలను ఏబదింటిని ఏరి పరీక్షాపత్రముగా ఉంచవలెను. అమ్మకందారు ప్రతియొకడును వానిని ఎక్కించి, వెదకి, అకారాదిగా కూర్చి, బయటికి తీసి, వేరొక సాధనమున తిరిగి చేర్చి చూపవలెను. ఇందు నెగ్గినవారి ధరలనే, ఐదేండ్ల నిర్వహణ వ్యయముతో కూడ పోల్చవలెను. మరమ్మతుకు ఎంతకాలములో వత్తురో, ఒప్పందము ముగిసిన పిదప సమాచారము ఎవరి వశమున నుండునో వ్రాతపూర్వకముగా నిర్ణయించుకొనవలెను.

పాఠకుని కాలము ఆదా చేయుట రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాల్గవది. యంత్రము పాతబడును, మారును. సూచియందు దొరకని గ్రంథము బీరువాలో నున్నను పాఠకునకు లేనిదే. కనుక కొనువారు యంత్రముకంటె సూచినే తమ ఆస్తిగా భావించుట యుక్తము.