పలుకు పోయిన తల్లికి ఇరుగుపొరుగువారి పాఠములు

అమెరికా దేశమున కెంటకీ రాష్ట్రమందు ప్యాకార్డ్ అను బొగ్గుగని పనివాండ్ర ఊరొకటి యుండెను. పిమ్మట అది పాడుపడినది. ప్యాట్రీషియా నీల్ అను నటి 1926వ సంవత్సరమున అచ్చటనే జన్మించెను. తండ్రి బొగ్గు కంపెనీ ఉద్యోగి. ఆమె టెనెస్సీ రాష్ట్రమందలి నాక్స్‌విల్ పట్టణమున పెరిగి, 1964లో శ్రేష్ఠ నటికిచ్చు ఆస్కార్ బహుమానము నందెను.

మరుసటి యేడు ఫిబ్రవరి 17వ తేదీన, లాస్ ఏంజెలెస్ నగరమందు, కుమార్తెకు నీళ్లు పోయుచుండగా ఆమెకు దుర్భరమైన తలనొప్పి పుట్టెను. మెదడులో ఉబ్బిన రక్తనాళము చిట్లినది. వైద్యులు శస్త్రచికిత్స చేసిరి. దాదాపు మూడు వారములు ఆమెకు స్మృతి లేదు. తెలివి వచ్చునప్పటికి కుడి ప్రక్కకు పక్షవాతము కమ్మి, మాట పడిపోయి, చదువును వ్రాతయు మరపునకు వచ్చెను. అప్పుడామె 39 యేండ్ల గర్భవతి.

భర్త రోల్డ్ డాల్ కథారచయిత. కొన్ని నెలలకు ఆమెను ఇంగ్లండులో తమ గృహమున్న గ్రేట్ మిసెండెన్ గ్రామమునకు తోడుకొనిపోయెను. ఇట్టి రోగిని కదలింపక పరుండనిచ్చుటయే దయ యని మనలో పెక్కుమంది తలంతురు గదా! ఆయన అట్లు తలపక, ఇరుగుపొరుగువారిని పిలిచి గంటల చొప్పున వంతులు వేసెను. వారికి వైద్యశిక్షణ లేదు. అయినను దినమునకు ఆరు గంటలవరకు ఒకరి వెనుక నొకరు వచ్చి చదివించిరి, అక్షరములు దిద్దించిరి, మాటల ఆటలు ఆడించిరి. ఆమె నోట ఏ భాషలోను లేని వింత పదములు వెడలెడివి. అలసి యేడ్చిన దినములును కలవు. భర్త మిక్కిలి కఠినుడని నిందించినవారును లేకపోలేదు. ఆ నింద పూర్తిగా అన్యాయమనలేము.

ఆ ఆగస్టులో ఆమెకు ఆరోగ్యవంతురాలగు ఆడుశిశువు కలిగెను.

ఈ సేవకు పెట్టుబడి యేమి? ఒక గంట కాలము, ఓర్పు. పని దిగి వచ్చిన పొరుగింటి అక్కయ్య రోగియొద్ద కూర్చుండి, చెంబు చూపి పేరడిగి, తాను అందింపక, జవాబునకై వేచియుండవలెను. ఆ వేచియుండుటయే కష్టము. మూతి వంకరపోయి, చేయి వ్రాలి, మాట తడబడిన తొలి క్షణమున మాత్రము ఇంటివైద్యము కూడదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

నీల్ 1968లో మరల చలనచిత్రమున నటించెను. కాలి కుంటు పూర్తిగా పోలేదు; సంభాషణలు కంఠస్థము చేయుట కడు కష్టమయ్యెను. ఆమెకు పాఠములు చెప్పిన పొరుగామె వాలెరీ ఈటన్ గ్రిఫిత్ తన అనుభవమును 1970లో పుస్తకముగా వెలువరించెను. 1978లో నాక్స్‌విల్ పట్టణపు ఆసుపత్రియందు ఇట్టి రోగులను మరల నడపించి, మాటాడించు కేంద్రము నీల్ పేర వెలసెను. 2010లో తాను మరణించువరకు ఆమె ఆ కేంద్రమును విడువలేదు. అచ్చటికి వచ్చి రోగులతో మాటాడుచుండెడిది.