సర్వర్ల దూర నిర్వహణ: ఉమ్మడి రూట్ పాస్‌వర్డుతో రికార్డులకు ముప్పు

కర్నూలు జిల్లా కోడుమూరు మండలంలోని రైతు తన భూమి 1-బి, అడంగల్ వివరాలను 2015లో ప్రారంభమైన మీభూమి పోర్టల్ ద్వారా చూసుకొనగలుగుతున్నాడు. పంట రుణానికి, క్రయవిక్రయాలకు ఇటువంటి రికార్డులే ఆధారం. అయితే ఆన్‌లైన్ రికార్డులను భద్రపరచే సర్వర్లు సాధారణంగా డేటా సెంటర్లలో ఉంటాయి. సిబ్బంది వాటిని నెట్‌వర్కు ద్వారా దూరం నుండే నిర్వహిస్తారు. ఆ ప్రవేశమార్గం పటిష్ఠంగా లేనిచో రికార్డులకు రక్షణ ఉండదు.

రూట్ ఖాతా

యూనిక్స్, లినక్స్ తరహా సర్వర్లలో సర్వాధికారాలు గల ఖాతాను 'రూట్' అంటారు. ఏ ఫైలునైనా మార్చడానికి, తొలగించడానికి, తుదకు లాగ్‌లను చెరిపివేయడానికి సైతం ఈ ఖాతాకు వీలుంటుంది. ఒకే రూట్ పాస్‌వర్డును పలువురు వాడినచో, మార్పు చేసినది ఎవరో నిర్ధారించడం అసాధ్యమవుతుంది. ఖజానా స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు వేసి, వాటిని ఇద్దరు అధికారుల వద్ద ఉంచే పద్ధతి ప్రభుత్వ కార్యాలయాలకు సుపరిచితమే. సర్వర్ల విషయంలోనూ అంతే కచ్చితమైన జవాబుదారీతనం అవసరం.

సురక్షిత మార్గం

పూర్వం వాడుకలో ఉన్న టెల్నెట్ విధానంలో పాస్‌వర్డు యథాతథంగా నెట్‌వర్కులో ప్రయాణించేది. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో పాస్‌వర్డులు చోరీకి గురికాగా, అక్కడి టాటు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ విధానాన్ని రూపొందించారు. సమాచారాన్ని సంకేతలిపిలోకి మార్చి పంపడం దీని ప్రత్యేకత. 1999లో వెలువడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ నేడు విస్తృతంగా వాడుకలో ఉన్నది.

పాటించవలసిన జాగ్రత్తలు

* రూట్ ఖాతాతో నేరుగా దూరప్రవేశాన్ని నిలిపివేయాలి. ప్రతి ఉద్యోగి తన సొంత ఖాతాతో ప్రవేశించి, అవసరమైన పనికి మాత్రమే 'సుడో' ద్వారా అధికారం పొందాలి. తద్వారా ఎవరు ఏ ఆదేశం ఇచ్చినదీ నమోదవుతుంది.
* పాస్‌వర్డుకు బదులు తాళంచెవుల జత వాడాలి. రహస్య కీ ఉద్యోగి వద్దనే ఉండాలి; దానికీ పాస్‌ఫ్రేజ్ తప్పనిసరి. సర్వరులో బహిరంగ కీ మాత్రమే ఉంచాలి.
* ఉద్యోగి బదిలీ అయినా, కాంట్రాక్టు ముగిసినా, ఆ రోజే అతని కీని, ఖాతాను తొలగించాలి. బాధ్యతల అప్పగింత పత్రంలో ఈ అంశాన్ని చేర్చడం మేలు.
* ఎస్‌ఎస్‌హెచ్ ద్వారాన్ని ఇంటర్నెట్‌కు తెరచి ఉంచక, వీపీఎన్ ద్వారా మాత్రమే అనుమతించాలి.
* సెట్టింగులు మార్చునపుడు ఉన్న కనెక్షన్‌ను మూయరాదు. కొత్త కనెక్షన్ పనిచేయునని రెండవ విండోలో నిర్ధారించుకున్న పిదపనే మొదటిది ముగించాలి. లేనిచో సిబ్బందికే ప్రవేశం మూసుకుపోయే ప్రమాదమున్నది.
* భద్రతా సవరణలను వెంటనే అమర్చాలి. లాగిన్ కాకుండానే రూట్ అధికారం పొందే వీలు కల్పించే లోపం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లోనే ఉన్నట్లు 2024 జూలైలో వెల్లడైంది.

లాగ్‌ల పరిరక్షణ

లాగ్‌లను అదే సర్వరులో ఉంచినచో, చొరబాటుదారు వాటిని చెరిపివేయగలడు. కావున వాటి ప్రతిని ఎప్పటికప్పుడు వేరొక సర్వరుకు పంపాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా ఆ సంస్థకు నివేదించాలి.

రికార్డు తారుమారైనదని రైతు ఫిర్యాదు చేసినపుడు, ఏ ఖాతా నుండి, ఏ సమయంలో మార్పు జరిగినదో చెప్పగలగాలి. ఉమ్మడి పాస్‌వర్డు కొనసాగినంతకాలం ఆ ప్రశ్నకు సమాధానం లభించదు.